పంపినవి మూడు, అందినవి రెండు

తిరుపాలుకు ఆ కంపెనీలో ఇచ్చిన పని ఒకటే. పంపినదాన్నీ అందినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం. బెంగళూరు శివారు పీణ్యలోని ఎక్స్‌రే సెంటరు నుంచి ఆస్పత్రికి ఏం బయల్దేరిందో ఎడమవైపు కాగితం మీద ఉంటుంది. ఆస్పత్రిలో ఏం దిగిందో కుడివైపు కాగితం మీద ఉంటుంది. రెండూ సరిపోతే టిక్కు పెట్టాలి. అరవై ఒకటో ఏట కూర్చోబెట్టి ఇలాంటి పని ఇచ్చినందుకు అతను సంతోషంగా ఉండి ఉంటాడని యజమాని భుజంగరావు నమ్మకం. తిరుపాలు ఎందుకూ సంతోషించే రకం కాదు.

మడకశిర దగ్గరి పల్లెబడిలో చదువుకుని, బెంగళూరు తంతి ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి, కిందటేడు రిటైరయ్యాడు. భార్య లేదు, పిల్లలు లేరు. కాటన్‌పేటలో ఒక సందులో ఒకే గది. భుజంగరావు తండ్రి గుడ్డల టోకు వ్యాపారి. ఆ కాలంలో రోజూ ధరలు తెలుపుతూ తంతులిచ్చేవాడు. "ఆ తిరుపాలు బల్ల మీద నుంచి పోయిన తంతిలో మాట పొల్లుపోదు" అని ఇంట్లో చెప్పేవాడట. కొడుకు ఆ మాట గుర్తుపెట్టుకుని పిలిపించాడు.

కంపెనీ ఉన్నది కూడా కాటన్‌పేటలోనే, ఆ పాత గుడ్డల గోడౌను మీద. కింద తానులు, పైన కంప్యూటర్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు మెట్లమీంచి గంజి వాసన పైకి వచ్చేది. అమెరికా నుంచి ఎవరైనా వస్తే భుజంగరావు అగరొత్తులు వెలిగించేవాడు. అప్పుడు రెండు వాసనలూ కలిసి వచ్చేవి.

కంపెనీ చేసిన వస్తువు ఇది. పీణ్యలో పోత ఇనుము పనిచేసే కార్ఖానాల కూలీలకు ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీస్తారు. ఆ బొమ్మను కంప్యూటర్లోకి ఎక్కించి, చీటీ రాసి, చీటీ వెనక బొమ్మ తగిలించి, ఊళ్ళో ఆస్పత్రిలో ఉన్న డాక్టరుకు పంపుతారు. డాక్టరు చూసి, పని చేయొచ్చనో వద్దనో జవాబు రాస్తాడు. ఏడాదిన్నరగా పీణ్యలో ఒక్కచోటే పరీక్షగా నడుస్తోంది. రెండువేల నాలుగు ఆగస్టులో ఒక శుక్రవారం నాడు ఇంకో పన్నెండు చోట్ల మొదలుపెట్టాలని నిర్ణయమైంది. అంతకుముందు, పంపినవన్నీ అందాయని పోల్చినవాడు సంతకం పెట్టాలని ఆస్పత్రివాళ్ళ షరతు. పోల్చినవాడు తిరుపాలు.

బుధవారం ఉదయం పదకొండింటికి ఒక కాగితం దగ్గర అతని పెన్ను ఆగింది.

రోగి పేరు పెద్దమునియప్ప. వయసు నలభై నాలుగు. గ్రైండింగు పని. మూడు వారాల కిందట పోయిన మెసేజ్ అది. ఎడమ కాగితం ప్రకారం అందులో మూడున్నాయి. కొత్త చీటీ ఒకటి. కిందటేడు ఫిబ్రవరిలో ఇతని గురించే పంపిన పాత మెసేజ్, పాత ఎక్స్‌రేతో సహా, కట్ట కట్టినట్టు యథాతథంగా ఒకటి. ఆ వెనక ఈ జూలైలో తీసిన కొత్త ఎక్స్‌రే ఒకటి. పాతదీ కొత్తదీ పక్కన పెట్టుకుని చూస్తే డాక్టరుకు తేడా తెలుస్తుందని పంపినవాళ్ళ ఆలోచన.

కుడి కాగితం ప్రకారం అందినవి రెండు. చీటీ, పాత కట్ట. అంతే.

డాక్టరు జవాబు కూడా వచ్చేసి ఉంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, అదే పని చేసుకోవచ్చు.

తిరుపాలు కాగితాలు రెండూ పట్టుకుని అచ్యుత్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. అచ్యుత్ గుంటూరు వైపు కుర్రాడు. ఆ సాఫ్ట్‌వేరులో ముప్పాతిక అతను రాసిందే.

"అంకుల్, గ్రీన్ టిక్ వచ్చింది చూడండి. అది వచ్చిందంటే వెళ్ళినట్టే."

"ఎన్ని పోయినట్టు?"

"మెసేజ్ వెళ్ళినట్టు."

"నేనడిగింది ఎన్ని అని."

అచ్యుత్ కాగితాలు చూశాడు. ఇంకోసారి చూశాడు. కుర్చీ ముందుకు జరుపుకుని తెర మీద ఏదేదో తెరిచాడు. పది నిమిషాల తర్వాత "అబ్బా" అన్నాడు.

"ఏమి?"

"బౌండరీ, అంకుల్."

అది ఏమిటో చెప్పించుకోవడానికి తిరుపాలుకు అరగంట పట్టింది. చెప్పడానికి అచ్యుత్‌కు అంతకన్నా ఎక్కువ కష్టమైంది. ఎక్స్‌రే బొమ్మ అక్షరాలు కాదు. మెసేజ్ అక్షరాలు. బొమ్మను అక్షరాల్లో కలపాలంటే రెండు దారులు. మొదటిది, బొమ్మనంతా అక్షరాలుగా మార్చేయడం. అలా మారిస్తే మూడు పాళ్ళ బొమ్మ నాలుగు పాళ్ళవుతుంది. పీణ్య ఫోను లైను మీద అది పోయేసరికి రోగి ఇంటికి వెళ్ళి భోంచేసి రావచ్చు. రెండోది, బొమ్మను బొమ్మగానే ఉంచి, చీటీ కింద ఒక సరిహద్దు గీత పెట్టి, గీత కింద తగిలించడం. గీత అంటే నిజంగా గీత కాదు. ఒక మాట. ఈ మాట కనబడితే ఒక వస్తువు అయిపోయింది, ఇంకోటి మొదలైంది అని అర్థం. అదే మాట చివర రెండు అడ్డగీతలు కనబడితే అంతా అయిపోయింది, ఇక చదవొద్దు అని అర్థం. ఆస్పత్రి కంప్యూటరు ఆ మాట కోసం చూసుకుంటూ చదువుతుంది.

"ఆ మాట బొమ్మ లోపలే ఉంటే?" అన్నాడు తిరుపాలు.

"ఉండకూడదు. అందుకే ప్రతి మెసేజ్‌కూ కొత్త మాట పుట్టించాలి. రూలే అది."

"పుట్టించినావా?"

అచ్యుత్ భుజంగరావు గదివైపు చూశాడు.

"సార్ 'శ్రీ' కావాలన్నారు అంకుల్."

భుజంగరావు ఇంట్లో చాకలి పద్దు కూడా పైన శ్రీ లేకుండా మొదలవదు. కంపెనీ నుంచి బయటికి పోయే ప్రతి మెసేజ్ మీదా శ్రీ ఉండాలన్నాడు. మెసేజ్‌లో ఏ మాట ఎక్కడుండాలో ఆస్పత్రివాళ్ళు ముందే రాసిచ్చారు. శ్రీకి చోటివ్వలేదు. మెసేజ్ మొత్తంలో మన ఇష్టమొచ్చినట్టు రాసుకోగలిగిన చోటు ఒక్కటే ఉంది. ఆ సరిహద్దు గీత. అచ్యుత్ అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ శ్రీ శ్రీ అని మూడుసార్లు రాశాడు. పంపే వైపూ అదే, అందుకునే వైపూ అదే. ఏడాదిన్నరగా ప్రతి మెసేజ్‌లోనూ అదే. భుజంగరావు చూసి మురిసిపోయి ఆ సాయంత్రం అందరికీ మసాలా దోసె తెప్పించాడు.

ఇప్పుడు పాత మెసేజ్‌ను కట్టగా కట్టి కొత్త మెసేజ్‌లో పెట్టారు. పాతదాని చివర కూడా శ్రీ శ్రీ శ్రీ, రెండు అడ్డగీతలు ఉన్నాయి. ఆస్పత్రి కంప్యూటరు అక్కడిదాకా చదివి, అయిపోయిందనుకుని పుస్తకం మూసేసింది. వెనక వస్తున్న జూలై ఎక్స్‌రేను ఎవరూ వద్దనలేదు. ఎవరూ తీసుకోనూ లేదు. డాక్టరు కిందటేటి ఊపిరితిత్తులు చూసి ఈ ఏటికి జవాబు రాశాడు.

"ఇట్లాంటివి ఎన్ని ఉండాయి?"

"కట్ట పెట్టింది ఇదొక్కటే అంకుల్. మిగతావన్నీ ఓకే."

"పన్నెండు చోట్ల మొదలైతే?"

తిరుపాలు కాగితం వెనక్కి తిప్పి పెన్నుతో ఒక గీత గీశాడు.

"మెసేజ్ తల మీద లెక్క రాయల్ల. ఇన్ని వస్తువులు, ఒక్కొక్కటీ ఇంత పొడుగు అని. అందుకున్నోడు లెక్కపెట్టుకోవల్ల. తగ్గితే మళ్ళీ పంపమని అడగల్ల. తంతిలో మేం అంతే చేసినాం."

"తంతి వేరు, ఇది వేరు అంకుల్."

"ఏమి వేరు? అది మాట పోగొట్టేది, ఇది బొమ్మ పోగొడతాది."

భుజంగరావు గదిలో లక్ష్మీదేవి పటానికి చిన్న ఎర్ర బల్బు వెలుగుతోంది. అతను విషయం సాంతం విన్నాడు. ముఖం చూస్తే శ్రీ దాకా విన్నట్టూ, ఆ తర్వాతది విననట్టూ ఉంది.

"ఏమప్పా తిరుపాలూ, శుక్రవారం పదీ నలభైకి ముహూర్తం ఉండాది. ఇప్పుడొచ్చి శ్రీ తీసేయమంటావా?"

"తీసేయమనలేదు సార్. మీ నాయన పద్దు పైన ఒకసారి రాసినాడు. గుడ్డ మడత మడతకీ రాసినాడా?"

"రాసుంటే ఏమి? శ్రీ ఎక్కువైతే ఎవురికన్నా నష్టమా?"

"పెద్దమునియప్పకు నష్టం."

"వాడెవుడు?"

"మన బోణీ సార్," అన్నాడు అచ్యుత్. "మనం పంపిన ఫస్ట్ మెసేజ్ ఆయనదే."

భుజంగరావుకు ఆ మాట ఇంకోలా వినబడింది. "అవునప్పా, బోణీ! శుక్రవారం ఆస్పత్రికి మన కాగితాలు మన సాఫ్ట్‌వేర్‌లోనే పంపుతాం గదా. ఆ బోణీ మెసేజ్ కూడా నా ఉత్తరం వెనకాలే పెట్టి పంపించు. లక్షణంగా ఉంటాది." తర్వాత తిరుపాలువైపు తిరిగాడు. "పన్నెండు చోట్ల మిషన్లు పెట్టేసినాం. ఇప్పుడు మార్చాలంటే పన్నెండు చోట్లా మార్చల్ల. నువ్వు సంతకం పెట్టు. తర్వాత నిదానంగా చూస్తాం."

"అందలేదు సార్. అందిందని ఎట్ల పెట్టేది?"

"ముప్పై ఎనిమిదేండ్లు గవర్మెంటు ఉద్యోగం చేసినోడివి, ఒక సంతకానికి ఇంత యోచన చేస్తావేమప్పా?"

"ఆ ఉద్యోగంలో కూడా పెట్టలేదు సార్."

"శుక్రవారం పొద్దున పేపరు నా టేబుల్ మీద ఉండల్ల. లేదంటే సోమవారం నుంచి రావద్దు. ఆయితు, ఇంక పో."

తిరుపాలు సాయంత్రం గదికి వచ్చి స్టవ్ మీద అన్నం పెట్టుకున్నాడు. ఉద్యోగం పోతే పోతుంది. దాని గురించి ఆలోచించలేదు.

తంతి ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ప్రతి తంతి తల మీద మాటల లెక్క ఉంటుంది. పంపినవాడు లెక్కపెట్టి అంకె వేస్తాడు. అందుకున్నవాడు కింద మాటలు లెక్కపెట్టి ఆ అంకెతో సరిచూస్తాడు. ఒకటి తగ్గినా మళ్ళీ పంపమని అడుగుతాడు. సరిపోయాకే తంతి బయటికి పోతుంది. మాటలకు అర్థం ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. తిరుపాలు ముప్పై ఎనిమిదేళ్ళలో పెళ్ళిళ్ళూ చావులూ పత్తి ధరలూ ఏవీ చదవలేదు. లెక్కపెట్టాడు.

తొంభై ఒకటిలో అతని భార్య గంగమ్మ పుట్టింటికి వెళ్ళింది. నాలుగో రోజు ఉదయం తొమ్మిదిన్నరకు బావమరిది ఇచ్చిన తంతి బెంగళూరు ఆఫీసులో దిగింది. పక్క బల్ల పాపయ్య తీసుకున్నాడు. పేరు చూసి, సరిచూడకుండా పరుగెత్తుకుంటూ వచ్చి తిరుపాలు చేతిలో పెట్టాడు. గంగమ్మకు సీరియస్, ఆస్పత్రిలో ఉంది, వెంటనే బయల్దేరు. తిరుపాలు చదివాడు. ఆ పల్లెవాళ్ళకు ఆస్పత్రి అంటే హిందూపురమే. పది గంటల బస్సెక్కి హిందూపురం వెళ్ళాడు. వార్డు వార్డూ వెతికాడు. లేదు. పల్లెకు వెళ్ళాడు. అనంతపురం తీసుకుపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. అనంతపురం చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. గంగమ్మ నాలుగింటికే పోయింది. అడిగిందట, వచ్చినాడా అని. తిన్నగా అనంతపురం బస్సెక్కి ఉంటే మూడున్నరకు చేరేవాడు.

కర్మ అయ్యాక జేబులోంచి తంతి తీసి చూశాడు. తల మీద అంకె పన్నెండు. కింద మాటలు పదకొండు. పోయిన మాట అనంతపురం.

పాపయ్యతో మళ్ళీ మాట్లాడలేదు. పన్నెండేళ్ళు పక్కపక్క బల్లల మీదే పనిచేశారు. పాపయ్య రిటైరైన రోజు మైసూర్‌పాక్ ఇస్తే పక్కకు పెట్టాడు. కానీ తంతి చేతిలో ఉన్నది పాపయ్యకు ఒక నిమిషం. తిరుపాలు దాన్ని రోజంతా జేబులో పెట్టుకుని తిరిగాడు. మొత్తం ఉద్యోగంలో లెక్కపెట్టకుండా చదివిన తంతి అదొక్కటే. పాపయ్యతో మాట్లాడకుండా ఉండగలిగాడు. తనతో ఉండలేకపోయాడు.

గురువారం సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి, మెజెస్టిక్‌లో బస్సెక్కి పీణ్య సెకండ్ స్టేజిలో దిగాడు.

పెద్దమునియప్ప పనిచేసే షెడ్డు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆ వీధిలో తలుపు దగ్గరే దగ్గు వచ్చే షెడ్డు అది. భోజనాల వేళ. ఒక పొడుగాటి మనిషి ముక్కుకు కట్టుకున్న తువ్వాలు విప్పి దులుపుతున్నాడు. కనుబొమల మీద బూడిద రంగు దుమ్ము.

"పెద్దమునియప్ప నువ్వేనా?"

"నేనే. ఎవురప్పా నువ్వు? మనవైపు మాట మాదిరి ఉండాదే."

"మడకశిర."

"మాది రొళ్ళ! రాప్పా, స్వల్ప కూచో. రాగిముద్ద ఉండాది, తింటావా?"

"తినను. నీ ఎక్స్‌రే గురించి వచ్చినా."

పెద్దమునియప్ప ముఖం వెలిగింది. "ఫిట్టు అని రాసినారప్పా! మా షెడ్డులో ముగ్గురిని ఆపేసినారు, నన్ను మాత్రం ఫిట్టన్నారు. మా ఆడమనిషి పోయి గంగమ్మ గుడిలో టెంకాయ కొట్టింది."

తిరుపాలు ఆ పేరు విన్నాడు. తర్వాత చెప్పాడు. డాక్టరు చూసింది కిందటేటి బొమ్మ. ఈ జూలైలో తీసింది ఆయనకు అందలేదు. మళ్ళీ పంపించడానికి వచ్చాను.

పెద్దమునియప్ప ముద్ద తుంచడం ఆపాడు.

"అందకపోతే పోనీలేప్పా. ఫిట్టని ఒకసారి రాసినాక మళ్ళీ ఎందుకు గెలుకుతావు?"

"అది నీ ఇప్పటి ఊపిరి కాదు."

"ఇప్పటిది నాకు గొత్తులే, తెలియకేమి." చెప్పేటప్పుడే దగ్గాడు. దగ్గు అయ్యేదాకా తిరుపాలు నిలబడ్డాడు. "గ్రైండింగు తీసేస్తే నన్నెవురు పెట్టుకుంటారు? నాకు వచ్చేది ఇదొక్కటే. ఊరోడివి, నా పొట్ట కొట్టొద్దప్పా."

"నేను కొట్టడం లేదు. నువ్వు పంపింది అందేటట్టు చేస్తాండా."

"నేను పంపలేదు! వాళ్ళు తీసినారు, వాళ్ళు పంపినారు. నిన్ను ఎవురు అడిగినారు?"

"ఎవురూ అడగలేదు."

"మళ్ళెందుకు వచ్చినావు?"

"చెప్పి పంపుదామని."

"నేను వద్దంటాండా."

"విన్నాను," అన్నాడు తిరుపాలు.

పెద్దమునియప్ప తిట్టాడు. రొళ్ళలో తిట్టే తిట్లే. తిరుపాలు చిన్నప్పటినుంచీ విన్నవే కాబట్టి అర్థం కోసం ఆగాల్సిన పని లేకపోయింది. రోడ్డు దాటి ఎక్స్‌రే సెంటరుకు వెళ్ళాడు.

అక్కడ బొమ్మలు తీసి పంపేది సమీనా. కదిరి నుంచి వచ్చిన పిల్ల. చెప్పింది విని బెదిరిపోయింది.

"మూడూ నేనే పెట్టినా సార్! పచ్చ టిక్కు వచ్చింది. కావాలంటే చూడండి, ఇంకా ఉంది."

"నువ్వు పెట్టినావు. అది అబద్ధం చెప్పింది. ఇప్పుడు జూలై బొమ్మ ఒక్కటే పంపు. కట్ట కలపొద్దు. చీటీలో ముందు ఈ మాట రాయి. ఇందులో చీటీ ఒకటి, బొమ్మ ఒకటి, మొత్తం రెండు. రెండూ అందకపోతే జవాబు రాయొద్దు, మళ్ళీ అడగండి."

"అట్ల రాసే అలవాటు లేదు సార్."

"ఇప్పుడైతాది."

బొమ్మ పోవడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. పచ్చ టిక్కు వచ్చింది. సమీనా హమ్మయ్య అంది. తిరుపాలు ఆ టిక్కువైపు చూడలేదు. ఫోనందుకుని ఆస్పత్రికి చేశాడు. ఎత్తినవాళ్ళు ఇంకొకరికిచ్చారు, వాళ్ళు ఇంకొకరికిచ్చారు. చివరికి డాక్టరు గది దొరికింది.

"ఎన్ని అందినాయి?"

"ఎక్స్‌రే వచ్చిందండీ."

"ఎన్ని అందినాయి అంటాండా."

"ఒక లెటరు, ఒక ఎక్స్‌రే. రెండు."

"ఏ నెలది?"

"జూలై."

"డాక్టరుగారు చూసేదాకా లైన్లో ఉంటా."

లైన్లో ఉండడం కుదరదన్నారు. అయితే గంట తర్వాత మళ్ళీ చేస్తానన్నాడు. గంట తర్వాత చేశాడు. ఇంకో గంట తర్వాత కూడా చేశాడు. మధ్యలో సమీనా టీ తెప్పించింది. ఐదింటికి జవాబు వచ్చింది. సమీనా చదివి వినిపించింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ దుమ్ము పేరుకుంది. పాత జవాబు చెల్లదు. ఈ మనిషిని వెంటనే గ్రైండింగు నుంచి తప్పించాలి. ఇంకో ఏడాది అక్కడే ఉంచితే చేయగలిగింది ఏమీ ఉండదు.

"పాపం సార్," అంది సమీనా.

"కాపీ ఒకటి కార్ఖానాకు, ఒకటి ఆ మనిషికి. రెండూ నువ్వే చేత్తో ఇచ్చి సంతకం తీసుకో," అని తిరుపాలు బస్సుకు బయల్దేరాడు.

శుక్రవారం ఉదయం కంపెనీలో గుమ్మానికి మామిడాకులు కట్టారు. పురోహితుడు కంప్యూటరుకు పసుపు రాశాడు. మానిటరుకు మాత్రం రాయవద్దని అచ్యుత్ బతిమాలుకున్నాడు. తిరుపాలు తొమ్మిదిన్నరకు వచ్చి, సంతకం కాగితం తీసుకుని, కింద నాలుగు వాక్యాలు రాశాడు. 'పెద్దమునియప్ప మెసేజ్. పంపినవి మూడు, అందినవి రెండు. తల మీద లెక్క లేకుండా ఇది ఎక్కడా మొదలుపెట్టకూడదు. సరిచూసినవాడు తిరుపాలు.' దాని కింద సంతకం పెట్టాడు.

భుజంగరావు పట్టుపంచెలో వచ్చి, దూరం నుంచి సంతకం చూసి, "మంచిదప్పా, బుద్ధొచ్చింది," అన్నాడు. కళ్ళజోడు పూజగదిలో ఉంది.

అచ్యుత్ కాగితం స్కాన్ చేయడానికి తీసుకున్నాడు. దాన్ని అతను చదివాడు. తిరుపాలువైపు చూశాడు. స్కానరు మీద పెట్టాడు.

పదీ నలభైకి భుజంగరావు దేవుణ్ణి తలుచుకుని బటన్ నొక్కాడు. మెసేజ్‌లో మూడున్నాయి. భుజంగరావు ఉత్తరం, బోణీ కట్ట, సంతకం కాగితం. ఆయన చెప్పిన వరసే. పచ్చ టిక్కు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. లడ్డూలు పంచారు. తిరుపాలు తన లడ్డూను కాగితం మీద పెట్టుకుని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు.

పదకొండుకు ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. సంతకం కాగితం ఏదని అడిగారు.

"పంపినాం గదా," అన్నాడు భుజంగరావు.

"మీ లెటర్ వచ్చింది. కిందటి సంవత్సరం ఎవరిదో ఎక్స్‌రే వచ్చింది. సంతకం రాలేదు."

"మళ్ళీ పంపు," అన్నాడు భుజంగరావు అచ్యుత్‌తో. మళ్ళీ పంపారు. పచ్చ టిక్కు. మళ్ళీ ఫోను. "సార్, మళ్ళీ ఆ ఎక్స్‌రేనే పంపుతున్నారు. ఆ పేషెంటుతో మాకు పని లేదు, సంతకం పంపండి." మూడోసారి పురోహితుడు ఒక శ్లోకం చదివాక పంపారు. పచ్చ టిక్కు. ఈసారి ఆస్పత్రి నుంచి పెద్దాయనే మాట్లాడాడు. సొంత కాగితం పంపుకోలేని సాఫ్ట్‌వేరుతో మా రోగుల బొమ్మలు ఎలా పంపుతారని అడిగాడు. గొంతు పెంచలేదు.

భుజంగరావు ఫోను పెట్టేసి, పట్టుపంచె కుచ్చిళ్ళు సర్దుకున్నాడు.

"నా కాగితం ఎక్కడికి పోయిందిరా అచ్యుతా?"

"ఎక్కడికీ పోలేదు సార్. అక్కడిదాకా వెళ్ళింది. బోణీ చివర శ్రీ ఉంది కదా, అక్కడ ఆపేసి మిగతాది పారేసింది."

"శ్రీ వచ్చినాక పారేస్తాదా?"

"అలా రాసింది మనమే సార్."

భుజంగరావు కాగితం తెప్పించుకున్నాడు. కళ్ళజోడు తెప్పించుకున్నాడు. నాలుగు వాక్యాలూ చదివాడు. చదివినంతసేపూ తిరుపాలు లేచి నిలబడే ఉన్నాడు, పొమ్మంటే పోవడానికి వీలుగా.

"ఇది వాళ్ళకు అందింటే నా గతేమప్పా?"

"అందలేదు గదా సార్."

భుజంగరావు తిట్టబోయి, ఎవరిని తిట్టాలో తేలక ఆగిపోయాడు. కాగితం మడుస్తూ అన్నాడు. "శ్రీ మాత్రం తీసేది లేదు."

"ఉండనీ సార్. శ్రీ వెనక ప్రతిసారీ కొత్త అంకె పుట్టించమనండి. తల మీద లెక్క రాయమనండి. తగ్గితే పచ్చ టిక్కు రాకూడదు. ఎర్రది రావల్ల. మళ్ళీ అడగల్ల."

"ఎన్నాళ్ళు పడతాది?"

"పన్నెండు చోట్లకు రెండు వారాలు సార్," అన్నాడు అచ్యుత్.

రెండు వారాల తర్వాత ముహూర్తం ఉందా అని భుజంగరావు పురోహితుణ్ణి అడిగాడు. లడ్డూ తింటూ ఉందన్నాడు పురోహితుడు.

సోమవారం తిరుపాలు పనిలోకి వచ్చాడు. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. అచ్యుత్ టీ ఇవ్వబోతే తీసుకోలేదు. కాగితం చదివి కూడా ఎందుకు పంపావని అడగలేదు. అచ్యుత్ చెప్పనూ లేదు.

రెండు వారాల తర్వాత పీణ్య నుంచి అదే మెసేజ్ మళ్ళీ పంపారు. చీటీ, కట్ట, జూలై బొమ్మ. తల మీద అంకె మూడు. తిరుపాలు పీణ్యలో సమీనా పక్కన కూర్చుని, ఆస్పత్రికి ఫోను చేసి, ఒక్కొక్కటీ చెప్పించుకుని లెక్కపెట్టాడు. మూడు. రెండోసారి లెక్కపెట్టాడు. మూడు. అప్పుడు కొత్త కాగితం మీద సంతకం పెట్టాడు.

బస్సు స్టాపు ఆ కార్ఖానా గేటు పక్కనే. గేటు దగ్గర స్టూలు మీద పెద్దమునియప్ప కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా. రెండు సైజులు పెద్దది. కనుబొమలు నల్లగా ఉన్నాయి. వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకోవడం ఇప్పుడతని పని. తిరుపాలును చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బస్సు రాలేదు. ఎండగా ఉంది. నీడ ఆ గేటు దగ్గరే ఉంది. తిరుపాలు వెళ్ళి అక్కడ నిలబడ్డాడు.

ఒక లారీ వచ్చింది. పెద్దమునియప్ప దాని నంబరు రాసుకున్నాడు. దగ్గాడు. పుస్తకం మూశాడు.

"సుమ్మనే, ఊరికే కూచోబెట్టినారు నన్ను. ముసలోళ్ళు చేసే పని. మా ఆడమనిషి నిన్ను రోజూ తిడతాంది."

"తిట్టనీ."

"నీకేమొచ్చిందప్పా దీంట్లో? నాకు చుట్టమా నువ్వు, పక్కమా? నీకేమొచ్చింది?"

బస్సు మలుపు తిరిగింది. తిరుపాలు కాగితాల సంచీ చంకన పెట్టుకున్నాడు.

"ఒకటి తక్కువ వచ్చింది," అన్నాడు. "అడిగినా."